డబ్బా కాలేజీ, కోళ్ళ ఫారం, టైర్ త్రీ: పేరు కాలేజీకి, మోత పిల్లలకి

మన దగ్గర ప్రతి కాలేజీకి రెండు పేర్లుంటాయి. ఒకటి గేటు మీద పెద్ద అక్షరాల్లో ఉండేది, ఓనరు గారి నాన్నగారి పేరో ఇష్టదైవం పేరో అయ్యుంటుంది, చివర "ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ అండ్ టెక్నాలజీ" తప్పనిసరి. రెండోది జనం పెట్టింది. డబ్బా కాలేజీ, రేకుల షెడ్డు, కోళ్ళ ఫారం, సెంట్రల్ జైలు, ఇప్పుడు కొత్తగా టైర్ త్రీ, అంటే మూడో రకం. గేటు మీది పేరు అందులో చదివినోడికే పూర్తిగా గుర్తుండదు (నేనైతే మా కాలేజీ ఫుల్ ఫామ్ సర్టిఫికెట్ చూసే రాస్తా ఇప్పటికీ), కానీ జనం పెట్టిన పేరు మాత్రం పెళ్ళిచూపుల దాకా వెంటపడి వస్తుంది.

నా చిరాకు ఎక్కడంటే, ఈ పేర్లన్నీ కాలేజీని తిట్టడానికి పుట్టినవే అనుకుంటాం కానీ కాలేజీకి ఒక్కటీ తగలదు. కరెస్పాండెంటు గారికి ఫీజు పడితే చాలు, మీరు డబ్బా అనుకోండి డ్రమ్ము అనుకోండి ఆయనకేం. తగిలేది అందులో చదివే పిల్లలకి. అత్త మీద కోపం దుత్త మీద తీర్చడం అంటే ఇదే. పైగా ఆ పిల్లలు ఆ కాలేజీని ఏరి కోరి ఎంచుకున్నారా అంటే అదీ లేదు. ఇంజనీరింగ్ వెబ్ కౌన్సెలింగ్ అప్పుడు నెట్ సెంటర్లో ఒక ప్లాస్టిక్ కుర్చీలో పిల్లాడు, పక్కన నిలబడి ర్యాంకు కార్డు పట్టుకున్న నాన్న, మౌసు పట్టుకుని "ఇంకో ఇరవై ఆప్షన్లు పెట్టండి సార్, లేకపోతే రిస్కు" అనే నెట్ సెంటర్ అన్న, వీళ్ళ ముగ్గురిలో ఎవరికీ ఆ కాలేజీల్లో సగం ఏ ఊళ్ళో ఉన్నాయో కూడా తెలీదు. కంప్యూటర్ ఏది అలాట్ చేస్తే అదే నాలుగేళ్ళు. ఆ అలాట్‌మెంట్ ఆర్డర్ తర్వాత జీవితాంతం మోయాల్సిన బిరుదు అయిపోతుంది.

అసలు ఇది ఇంజనీరింగ్‌తో కాదు, ఇంటర్‌తోనే మొదలవుతుంది. కార్పొరేట్ రెసిడెన్షియల్ కాలేజీల్ని మనం దశాబ్దాలుగా కోళ్ళ ఫారాలు అంటున్నాం. టీవీ డిబేట్లో మేధావులు అంటారు, అసెంబ్లీ బయట నాయకులు అంటారు, పిల్లల్ని అందులో చేర్పించి లక్షలు కట్టి బస్సెక్కి ఇంటికెళ్తున్న తల్లిదండ్రులు కూడా అంటారు. ఏదో సిస్టమ్‌ని కడిగిపారేస్తున్నాం అనే ఫీలింగు. సరే, కాలేజీ ఫారం అయితే లోపల ఉన్న పిల్లలు ఏంటి? ఫారం కోళ్ళు. అనేశారు కూడా, "బ్రాయిలర్ బ్యాచ్ రా వీళ్ళు, బయట ప్రపంచం తెలీదు" అని. పొద్దున ఐదింటికి స్టడీ అవర్, రాత్రి పదింటి దాకా స్టడీ అవర్, ఆదివారం వీకెండ్ టెస్టు, నెలకో ఔటింగ్, ఆ ఔటింగ్‌లో అమ్మ తెచ్చిన చికెన్ ఫ్రై బాక్సు మూత తీసి మెట్ల మీద కూర్చుని తినే పదహారేళ్ళ పిల్లాడు, వాడిని చూసి మనకొచ్చిన మాట బ్రాయిలర్. ఆ షెడ్యూలు రాసినోళ్ళని ఎవరూ ఏమీ అనలేదు చూడండి. ఫారం ఓనర్ అన్న మాట నేనింతవరకు ఎక్కడా వినలేదు.

ఇంక ఆ ఫారం లోపల మళ్ళీ సెక్షన్లు. సూపర్ అని ఒకటి, స్టార్ అని ఒకటి, చివరికి మిగిలినోళ్ళకి ఏ పేరూ లేని సెక్షన్లు. మంచి లెక్చరర్లు పై సెక్షన్లకి, కింద సెక్షన్లకి నిన్నమొన్న చేరిన సార్లు. ఫ్లెక్సీ మీద ఫొటోలు పై సెక్షన్లవి, ఆ ఫ్లెక్సీకి డబ్బులు కింద సెక్షన్ల ఫీజుల్లోంచి. సర్లెండి, ఇది వేరే టాపిక్.

బీటెక్‌కి వస్తే కాలేజీ ఒక్కటే కాదు, సీటుకి కూడా పేరుంటుంది. మన ప్రైవేటు కాలేజీల్లో 70 శాతం సీట్లు కన్వీనర్ కోటా, అంటే ర్యాంకుని బట్టి కౌన్సెలింగ్‌లో నింపేవి, 30 శాతం మేనేజ్‌మెంట్, అంటే కాలేజీ నింపుకునేవి. మేనేజ్‌మెంట్‌లో చేరితే "డొనేషన్ గాడు". కన్వీనర్‌లో వచ్చి ఫీజు ప్రభుత్వం కడితే "రీయింబర్స్‌మెంట్ బ్యాచ్". డబ్బులు కట్టినా తిట్టే, కట్టకపోయినా తిట్టే. చివర్లో మిగిలిన సీట్లలో చేరితే "స్పాట్ బ్యాచ్". మరి మర్యాదగా చేరేదెలా అని అడిగితే ఎవరి దగ్గరా సమాధానం ఉండదు.

పాలిటెక్నిక్ చదివి ఈసెట్ రాసి డైరెక్టుగా సెకండియర్‌లోకి వచ్చేవాళ్ళది ఇంకో కథ. జేఎన్టీయూ హాల్‌టికెట్ నంబర్ తెలిసినవాళ్ళకి గుర్తుంటుంది, ముందు ఏ సంవత్సరంలో చేరారో రెండంకెలు, తర్వాత రెండక్షరాల కాలేజీ కోడ్, తర్వాత 1ఏ, తర్వాత బ్రాంచి, సీఎస్ఈకి 05, మెకానికల్‌కి 03, అలాగ. లేటరల్‌గా వచ్చినవాళ్ళకి 1ఏ బదులు 5ఏ ఉంటుంది. అంతే తేడా. మా క్లాసులో వాళ్ళని "ఫైవ్ ఏ గాళ్ళు" అనేవాళ్ళు. అటెండెన్స్ షీటులో వాళ్ళ నంబర్లు చివర్లో ఉంటాయి, కూర్చునేది కూడా చివరి బెంచీల్లోనే, మాథ్స్ సార్ ఏదైనా అడిగి వాళ్ళు చెప్పకపోతే "డిప్లొమానా?" అని ఒక నవ్వు. అదే వర్క్‌షాప్‌లో ఫిట్టింగ్ జాబ్ ఇస్తే మా 1ఏ వాళ్ళు ఆకురాయి ఎటు పట్టుకోవాలో తెలీక వేళ్ళు గీరుకుంటుంటే, 5ఏ వాళ్ళు చదరంగా రాకి, ట్రైస్క్వేర్ (మూలమట్టం) పెట్టి వెలుతురుకి ఎత్తి చూసి, సందు లేదని చూసుకుని పక్కన పెట్టేసేవాళ్ళు. మూడేళ్ళు మిషన్ల మధ్య తిరిగిన చేతులవి. ల్యాబ్ ఎగ్జామ్ ముందు రోజు మేమంతా వెతుక్కుంటూ వెళ్ళింది ఆ చివరి బెంచీల దగ్గరికే, పేరు మాత్రం ఫైవ్ ఏ గాళ్ళే.

ఇప్పుడు ట్రిపుల్ ఐటీ సంగతి. దీని గురించి కొంచెం ఎక్కువ మాట్లాడతా, ఎందుకంటే మన రెండు రాష్ట్రాల్లో ఇంత గజిబిజి, ఇంత చిన్నచూపు కలిసిన పేరు ఇంకోటి లేదు. 1998లో గచ్చిబౌలిలో ఒక ట్రిపుల్ ఐటీ వచ్చింది, దేశమంతా తెలిసినది. 2008లో రాజశేఖర్ రెడ్డి గారి ప్రభుత్వం బాసర, నూజివీడు, ఇడుపులపాయల్లో ఆర్జీయూకేటీ పెట్టింది, రాజీవ్ గాంధీ యూనివర్సిటీ ఆఫ్ నాలెడ్జ్ టెక్నాలజీస్. పల్లెటూరి పిల్లల కోసమని పెట్టింది, ఎంసెట్ కోచింగుల గోల లేకుండా టెన్త్ మార్కులతో సీటు, రెండేళ్ళు పీయూసీ (ఇంటర్ లాంటిదే), నాలుగేళ్ళు బీటెక్, మొత్తం ఆరేళ్ళు అక్కడే హాస్టల్లో. తర్వాత ఆంధ్రాలో ఒంగోలు, శ్రీకాకుళం కూడా కలిశాయి, రాష్ట్రం విడిపోయాక బాసర తెలంగాణలో మిగిలింది. అంత పొడుగు పేరు ఎవరు పలుకుతారు, ప్రభుత్వం మొదటి రోజు నుంచి ట్రిపుల్ ఐటీ అనే చెప్పింది, పేపర్లు అదే రాశాయి, పిల్లలూ అదే చెప్పారు.

దానికి ఆ పిల్లలకి దక్కింది ఏంటంటే జీవితాంతం ఒకే ప్రశ్న, "ఏ ట్రిపుల్ ఐటీ? గచ్చిబౌలిదా, వేరేదా?" మా ఆఫీసులో ఒకమ్మాయి జాయినయ్యింది, నూజివీడులో చదివింది, వాళ్ళ ఊరి హైస్కూల్లో టెన్త్ ఫస్ట్. మొదటి రోజు లంచ్‌లో అందరూ పరిచయాలు చేసుకుంటున్నారు, "ట్రిపుల్ ఐటీ అండి" అంది. మా సీనియర్ ఒకాయన కళ్ళు పెద్దవి చేసి "ఓ, గుడ్ గుడ్, మనకి ట్రిపుల్ ఐటీ నుంచి వచ్చినవాళ్ళు తక్కువ" అన్నాడు. ఆ అమ్మాయి "నూజివీడు అండి" అంది. "ఓ... ఆ ట్రిపుల్ ఐటీయా" అని పెరుగన్నం కలుపుకోవడంలో పడిపోయాడు. అంతే, ఇంకేం అన్లేదు, తిట్టలేదు, వెటకారం కూడా చెయ్యలేదు. కానీ ఆ అమ్మాయి ఆ తర్వాత ఎవరడిగినా "ఆర్జీయూకేటీ" అనే చెప్పేది, అదేంటో ఎవరికీ తెలీక మళ్ళీ వివరించాల్సి వచ్చేది, వివరిస్తే మళ్ళీ "ఓ ఆ ట్రిపుల్ ఐటీయా". ముందు నుయ్యి వెనక గొయ్యి. డూప్లికేట్ అని ఎవరూ మొహం మీద అనరు, ఆ "ఆ" ఒక్కటి చాలు. ఊరూరి నుంచి సర్కారు బడి టాపర్లని ఏరి తెచ్చి ఒకచోట పెట్టిన క్యాంపస్ అది, అలాంటివాళ్ళకి నకిలీ సరుకు అనే పేరు.

అన్నట్టు 2022 జూన్‌లో బాసరలో ఏం జరిగిందో గుర్తుందా. వేల మంది పిల్లలు దాదాపు వారం పాటు మెయిన్ గేటు దగ్గర కూర్చున్నారు, ఎండకీ వానకీ లేవలేదు. వాళ్ళు తమ కాలేజీకి ఏ పేరూ పెట్టలేదు. 12 డిమాండ్ల లిస్టు రాసుకొచ్చారు. రెగ్యులర్ వీసీ కావాలి, ఖాళీగా ఉన్న లెక్చరర్ పోస్టులు నింపాలి, మెస్సు బాగుపడాలి, ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి, ఇలాగ. కాలేజీని విమర్శించడం అంటే అదీ. అందులో ప్రతి పాయింటుకీ జవాబు చెప్పాల్సిన మనిషి ఒకడు ఉంటాడు, మంత్రిగారే దిగి వచ్చారు చివరికి. "డబ్బా" అంటే ఎవరు దిగొస్తారు? జవాబు చెప్పక్కర్లేని మాట అది, అందుకే అందరికీ హాయిగా ఉంటుంది, మేనేజ్‌మెంట్‌తో సహా.

పొగిడే పేర్లదీ ఇదే తంతు. ఐఐటియన్, బిట్సియన్, ఎన్ఐటియన్. నలభై ఏళ్ళొచ్చాయి, ఇద్దరు పిల్లలు, బట్టతల, ఇంకా లింక్డ్‌ఇన్‌లో పేరు పక్కన పద్దెనిమిదేళ్ళప్పుడు రాసిన పరీక్ష. ఇంటిపేరు కూడా అంత గట్టిగా అంటుకోదు. అయినా వాళ్ళలో వాళ్ళకే పడదు మళ్ళీ. 1951లో మొదలైన ఖరగ్‌పూర్, ఆ తర్వాత బొంబాయి మద్రాసు కాన్పూర్ ఢిల్లీ పాత ఐఐటీలు, 2008 నుంచి వచ్చినవి కొత్త ఐఐటీలు. మన ఐఐటీ హైదరాబాద్ ఎద్దుమైలారం ఆర్డినెన్స్ ఫ్యాక్టరీ ఆవరణలో తాత్కాలికంగా మొదలైంది, తర్వాత కందిలో సొంత క్యాంపస్‌కి మారింది, పెద్ద రీసెర్చ్ జరుగుతుంది అక్కడ. అయినా పాత ఐఐటీ ఆయన అడిగేది, "ఐఐటీనే... హైదరాబాదా?" నూజివీడు అమ్మాయికి తగిలిన సాగదీతే అది, కొంచెం ఖరీదైన హోటల్లో. పేరు వల్ల లాభపడ్డవాడికి కూడా వాడి పైమెట్టు మీద ఇంకోడు రెడీగా ఉంటాడు.

ఇంజనీరింగ్ కానివాళ్ళ గోల ఎవరికీ పట్టదు కాబట్టి త్వరగా చెప్పేస్తా. ఆ మధ్య ఒక నాయకుడు ఇంటర్వ్యూలో తను బీకాంలో ఫిజిక్స్ చదివానన్నాడు, అది మీమ్ అయ్యి కూర్చుంది. నవ్వాం, బాగానే ఉంది. కానీ ఆ నాయకుడు మర్చిపోయి ఉంటాడు, ఇప్పటికీ ఏ బీకాం పిల్లాడు నోరు తెరిచి డిగ్రీ పేరు చెప్పినా "ఫిజిక్స్ ఉందా?" అని ఒకడు తగులుతాడు. ఆ జోకు వినీ వినీ వాళ్ళ మొహంలో ఒక రకమైన ఓపిక వచ్చేసింది, గమనించండి. ఉస్మానియాలో పీహెచ్‌డీ అంటే "ఇంకా హాస్టల్ ఖాళీ చెయ్యలేదా" అంటారు, నాన్ బోర్డర్లు అని ఒక పేరు, ఉద్యోగాల నోటిఫికేషన్ కోసం ఏళ్ళ తరబడి ఫ్రెండ్ రూములో చాప వేసుకుని చదివేవాళ్ళకి. నోటిఫికేషన్ వెయ్యని ప్రభుత్వాలకి ఏ పేరూ లేదు.

ఇక్కడ ఒకరు తప్పకుండా అంటారు, "బ్రో, లైట్ తీస్కో, ఫ్రెండ్స్ మధ్య సరదా కోసం అనుకుంటాం, దానికి ఇంత పెద్ద వ్యాసమా" అని. కరెక్టే, సరదా పేర్లు ఉన్నాయి, నాకూ ఇష్టమే. వరంగల్ ఆర్ఈసీ 2002లో ఎన్ఐటీ అయినా ఆ ఊరి జనానికి ఇప్పటికీ ఆర్ఈసీనే, అందులో ఒక ప్రేమ ఉంది, మా ఊళ్ళో కాలేజీ అన్న హక్కు ఉంది. హాస్టల్ మెస్ సాంబారుకి మేం పెట్టిన పేరు ఇక్కడ రాయలేను. నా కాలేజీని నేను, నా పక్కనోడు తిట్టుకుంటే ఆ సాంబారు మేమిద్దరం తిన్నాం కాబట్టి చెల్లుతుంది. బయటోడు అంటే, అందులోనూ మన జీతం తేల్చే కుర్చీలో కూర్చున్నోడు అంటే, అది సరదా ఎలా అవుతుంది? తిరిగి వాడిని అనే ఛాన్స్ మనకి లేదుగా.

ఇంకొకరు అంటారు, "ఆ కాలేజీలు నిజంగానే డబ్బా కదా" అని. కొన్ని అవును, నేనేం కాదనను. ఇన్‌స్పెక్షన్ రోజు మాత్రమే కనిపించే ప్రొఫెసర్లు, పక్క కాలేజీ నుంచి అద్దెకి వచ్చే కంప్యూటర్లు, ఇవి మనకి కొత్త వార్తలు కావు. 2014లో జేఎన్టీయూహెచ్ తనిఖీలు చేసి వందకి పైగా కాలేజీలకి అఫిలియేషన్ (యూనివర్సిటీ గుర్తింపు) ఇవ్వకుండా ఆపితే యాజమాన్యాలు కోర్టుకెక్కాయి. ఎక్కుతాయి, వాటికి లాయర్లున్నారు. అందులో చేరాలనుకున్న పిల్లలు, ఆల్రెడీ చదువుతున్న పిల్లలు మాత్రం పేపర్లు చూసుకుంటూ కూర్చున్నారు. మూతపడ్డ కాలేజీ ఓనరు ఆ బిల్డింగులో స్కూలు పెట్టుకోవచ్చు, ఫంక్షన్ హాలు చేసుకోవచ్చు, పేరు మార్చుకుని మళ్ళీ వచ్చినా అడిగేవాళ్ళు లేరు. స్టూడెంట్ సర్టిఫికెట్ మీద పేరు మారదు.

ఈ విషయం అమెరికా దాకా పోయింది, పోవడమంటే మనవాళ్ళే మోసుకెళ్ళారు. 2011 జనవరిలో కాలిఫోర్నియా ప్లెజంటన్‌లో వీసాల కోసం నడిపిన ట్రై-వ్యాలీ అనే నకిలీ యూనివర్సిటీ మీద అమెరికా అధికారుల దాడి జరిగినప్పుడు అందులో పేరున్న స్టూడెంట్స్‌లో ఎక్కువ మంది తెలుగు పిల్లలు, కొందరి కాళ్ళకి జీపీఎస్ పట్టీలు కట్టారు, ఆ ఫొటోలు మన పేపర్లలో మొదటి పేజీలో వచ్చాయి. దాన్ని పెట్టినావిడకి 2014లో 16 ఏళ్ళకి పైగా శిక్ష పడింది, ఆవిడ పేరు ఇప్పుడు మీకు గుర్తుందా? లేదు కదా. "ట్రైవ్యాలీ బ్యాచ్" మాత్రం గుర్తుంది. 2019లో బయటపడ్డ మిచిగన్ ఫార్మింగ్టన్ యూనివర్సిటీ అయితే అమెరికా ప్రభుత్వమే వల పన్నడానికి పెట్టింది, క్లాసుల్లేవు, టీచర్లు లేరు. అందులో తెలిసి చేరినవాళ్ళు లేరని నేననను, వీసా నిలబెట్టుకోవడానికి కళ్ళు మూసుకున్నవాళ్ళు ఉంటారు. కానీ అక్కడ పార్టీల్లో మన పెద్దమనుషులే, మాట వరసకి ఏదో చిన్న యూనివర్సిటీ పేరు చెప్పిన కుర్రాడిని "ఏంటి, ఫార్మింగ్టన్ టైపా?" అని బిర్యానీ ప్లేటు పట్టుకుని అడుగుతారు చూడండి, వాడు సక్రమంగా క్లాసులకెళ్ళి థీసిస్ రాసుకుని వచ్చుంటాడు, వాడికేం సంబంధం? డల్లాస్ నాలుగు రోడ్ల కూడలిలో కూడా, హైదరాబాద్ శివార్లో ఇంజనీరింగ్ కాలేజీలు బారులు తీరిన మన ఇబ్రహీంపట్నం రోడ్డు జోకులే.

ఆ రోడ్డు గురించి ఒక మాట. సాయంత్రం నాలుగున్నరకి ఇబ్రహీంపట్నం మీదుగా పోయే ఆ సాగర్ రోడ్డు మీద సిటీ బస్సు ఎక్కితే ఇంజనీరింగ్ పిల్లలే సగం. మెళ్ళో ఐడీ కార్డు ట్యాగు, దాని మీద కాలేజీ పేరు అల్లి ఉంటుంది. కొందరు దాన్ని దర్జాగా వేలాడేసుకుంటారు, కొందరు ఎక్కగానే తీసి బ్యాగులో కుక్కేస్తారు, కొందరు కార్డు జేబులోకి తోసి ట్యాగు కాలర్ కిందకి సర్దేస్తారు. ఎవరు ఏ కాలేజీనో ట్యాగు చూడకుండానే చెప్పొచ్చు.

చివరికి టైర్ త్రీ. అన్నిట్లోకీ నాకు ఒళ్ళు మండేది ఇదే, ఎందుకంటే డబ్బా అన్నవాడికి కనీసం తను తిడుతున్నానని తెలుసు, టైర్ త్రీ అనేవాడు మాత్రం ఏదో సైన్స్ చెప్తున్నట్టు మొహం పెడతాడు. అసలు ఆ లిస్టు ఎవరు వేశారు? కేంద్రం 2016 నుంచి కాలేజీలకి ఎన్ఐఆర్ఎఫ్ అని ర్యాంకులు ఇస్తోంది, అందులో టైర్లు లేవు. కాలేజీల నాణ్యత చూసే న్యాక్ ఇచ్చినవి గ్రేడులు, టైర్లు కాదు. ఇంజనీరింగ్ కోర్సులకి గుర్తింపునిచ్చే ఎన్‌బీఏలో టైర్ వన్, టైర్ టూ అని ఉన్నాయి నిజమే, కానీ అవి యూనివర్సిటీలకీ అటానమస్ కాలేజీలకీ ఒక దరఖాస్తు పద్ధతి, మామూలు అఫిలియేటెడ్ కాలేజీలకి ఇంకో పద్ధతి, అంతే. మూడో టైరు అక్కడా లేదు. దేశంలో మెజారిటీ ఇంజనీర్లకి తగిలించిన ముద్రకి ఒక కాగితం ముక్క ఆధారం లేదు. యూట్యూబ్‌లో "టైర్ త్రీ నుంచి ముప్పై లక్షల ప్యాకేజీ" అని థంబ్‌నెయిల్ పెట్టుకునే కుర్రాళ్ళని చూస్తే ఇంకా బాధ, ఆ ముద్రని వాళ్ళే నుదుటికి పూసుకుని లైకులు అడుక్కుంటున్నారు.

మా కంపెనీలో ఫ్రెషర్స్ ఇంటర్వ్యూలకి నన్నూ కూర్చోబెడుతుంటారు. హెచ్ఆర్ వాళ్ళు పంపే ఎక్సెల్‌లో పేరు, ఫోను, పర్సెంటేజీ తర్వాత ఒక కాలమ్, టైర్ అని. మా హెచ్ఆర్ ఆవిడని అడిగా, మేడమ్ ఈ వన్ టూ త్రీ ఎవరు నింపుతారండీ అని. "అది పాత షీట్ నుంచి వస్తుందండీ" అంది. పాత షీట్‌లో ఎవరు నింపారు? "నాకంటే ముందున్నవాళ్ళు." వాళ్ళు దేన్ని బట్టి నింపారు? ఆవిడ కాసేపు ఆలోచించి, "మీ కాలేజీ ఏదండీ?" అంది. చెప్పా. స్క్రీన్ మీద వెతికి, "అరె, మీది అసలు లిస్టులోనే లేదండీ" అంది. ఆ కాలమ్ తీసేయమని మెయిల్ పెట్టా, మా మేనేజర్‌ని సీసీలో వేసి. నెక్స్ట్ డ్రైవ్‌కి షీట్ వచ్చింది, కాలమ్ తీసేశారు, బదులు "కేటగిరీ" అని ఇంకోటి పెట్టారు, ఏ, బీ, సీ.

మళ్ళీ మెయిల్ పెట్టా.